పేషెంటు తాలూకు ఎవరండీ?

ఆస్పత్రి వరండాలో ఓ పూట కూచున్న వాళ్ళెవరికైనా ఈ కేక పరిచయమే. ఆకుపచ్చ గౌను తొడుక్కున్న మనిషి తలుపు సగం తెరిచి, కాయితాల అట్ట చేత్తో పట్టుకుని, "పేషెంటు తాలూకు ఎవరండీ?" అని కేకేస్తారు. బెంచీ మీంచి నలుగురు లేస్తారు. ఫ్లాస్కు పట్టుకున్న కోడలు లేస్తుంది. మాత్రలు లెక్కపెట్టుకుంటున్న కూతురు లేస్తుంది. చూడ్డానికి వచ్చిన పొరుగింటి పిన్నిగారు కూడా లేస్తారు, పాపం. కానీ ఆ అట్ట వీళ్ళందర్నీ దాటుకుని, అవతల మూల ఫోనులో మాట్లాడుతున్న పెద్దకొడుకు దగ్గరికి వెళ్ళి ఆగుతుంది. ఆయన లేకపోతే అల్లుడిగారి దగ్గర. ఆయనా లేకపోతే, "మగవాళ్ళెవరూ రాలేదా అమ్మా?" అని ఓ ప్రశ్న.

ఈ 'తాలూకు' అన్న మాట మీద నాకు చాలాకాలంగా కోపం. ఈ పొలం ఫలానావారి తాలూకు, ఆ గేదె ఫలానావారి తాలూకు అన్నట్టు, మంచం మీదున్న పెద్దావిడ కూడా ఎవరో ఒకరి తాలూకే కావాలి కాబోలు! బళ్ళో చదివేటప్పుడు ప్రోగ్రెసు కార్డు మీద నాన్న సంతకం, పెళ్ళయ్యాక అన్నిటి మీదా శ్రీవారి సంతకం, ముసలితనంలో కొడుకు సంతకం. మూడు సంతకాలతో ఆడదాని జన్మ తెల్లారిపోతుందన్నమాట.

నా ఫిర్యాదు రెండు ముక్కల్లో చెప్తాను. మాట్లాడగలిగిన పెద్దవాళ్ళని మాట్లాడనివ్వకుండా వాళ్ళ బదులు మనం సంతకాలు పెట్టేస్తున్నాం. ఇదొకటి. నిజంగానే మాట్లాడలేని స్థితి వచ్చినప్పుడు తమ బదులు ఎవరు మాట్లాడాలో వాళ్ళని ముందుగా అడిగి ఉంచుకోవడం లేదు. ఇది రెండోది.

మొదటి దాని సంగతి చూడండి. మా మేనత్తగారికి డెబ్భై ఎనిమిదో ఏట బాత్రూములో కాలు జారి తుంటి ఎముక విరిగింది. ఓ పట్నంలో ఆస్పత్రిలో చేర్చారు. ఆవిడ సామాన్యురాలు కాదు. పాలవాడి లెక్క, చిట్టీ డబ్బుల లెక్క, మనవల పుట్టిన నక్షత్రాలు అన్నీ నాలిక మీదుంటాయి. డాక్టరుగారు వచ్చారు, మంచానికి ఈ పక్కన నిలబడ్డారు. మా బావ ఆ పక్కన నిలబడ్డాడు. ఆవిడ కడుపు మీదుగా ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఆపరేషను చేసి రాడ్డు వెయ్యవచ్చు, చెయ్యకపోతే మంచం పట్టవచ్చు, వయసు కనక గుండెకి ప్రమాదం ఉండవచ్చు. "ఆవిడకేం తెలుస్తుందండీ, మీరు కానివ్వండి" అన్నాడు మా బావ. అప్పుడు అత్తయ్య మంచం మీంచి, "విరిగింది నా కాలు కదు నాయనా, వాణ్ణి అడుగుతావేం?" అంది.

డాక్టరుగారు నవ్వారు. మా బావా నవ్వాడు. అందరూ నవ్వేసి, సంతకం మాత్రం మా బావ చేతే పెట్టించారు.

పెద్దావిడ ఏదో చమత్కారమాడిందనుకున్నారు గానీ, ఆవిడ చెప్పింది అచ్చంగా చట్టం. సుప్రీం కోర్టు 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో ఈ సంగతే తేల్చింది. అది ఢిల్లీలో జరిగిన కథ. నలభై నాలుగేళ్ళ స్త్రీ. లోపల ఏముందో పరీక్ష చేసి చూడటానికని మత్తుమందు ఇచ్చారు. ఆవిడ మత్తులో ఉండగా డాక్టరుగారి సహాయకురాలు బయటికి వచ్చి, బెంచీ మీదున్న తల్లిని అడిగి, ఆ తల్లి 'ఊఁ' అన్నదని గర్భసంచీ, అండాశయాలూ తీసేశారు. కన్నతల్లి ఒప్పుకుంది కదా అన్నారు. కోర్టు ఒప్పుకోలేదు. ఆవిడ వయసు వచ్చిన మనిషి, కాసేపట్లో మెలకువ వచ్చే మనిషి, ప్రాణం పోయే అవసరం ఏదీ అప్పుడు లేదు, అటువంటప్పుడు తల్లి అంగీకారం ఆవిడ అంగీకారం కాదు అంది. డాక్టరుగారికి ఫీజు ముట్టకుండా చేసి, పైగా 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది.

చూశారా! కన్నతల్లి సంతకమే చెల్లనప్పుడు, తెలివిగా మాట్లాడుతున్న తల్లికి కొడుకు సంతకం ఎలా చెల్లుతుంది?

డాక్టర్లని మాత్రమే అని ఏం లాభం? వాళ్ళకి ఇచ్చిన నియమావళే అలా ఉంది. 2002లో మెడికల్ కౌన్సిల్ వారు తయారుచేసిన నియమాల్లో, ఆపరేషనుకి ముందు భర్త నుంచి గానీ భార్య నుంచి గానీ, మైనరైతే తల్లిదండ్రుల నుంచో సంరక్షకుల నుంచో, లేదా రోగి నుంచే సందర్భాన్ని బట్టి రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవాలని ఉంది. వరస గమనించారా? కోత పడేది ఎవరి ఒంటి మీదో ఆ మనిషి అందరికన్నా చివర! పెళ్ళి శుభలేఖలో పెళ్ళికూతురి పేరు మరిచిపోయి, అచ్చయ్యాక అడుగున చేత్తో రాసినట్టు.

మరి ప్రాణం మీదికి వచ్చినప్పుడు సంతకాల కోసం చూస్తూ కూచుంటారా అంటారేమో. అక్కర్లేదు. ప్రమాదంలో ఉన్న మనిషిని ముందు కాపాడాలి, లాంఛనాలు తరవాత అని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. కాబట్టి ఆ వంక పనికిరాదు. నేను అంటున్నది, తీరిగ్గా నాలుగు మాటలు మాట్లాడే వ్యవధి ఉండి కూడా పెద్దవాళ్ళని అడగని సందర్భాల గురించి.

"మా అత్తగారికి అంత తెలివి ఎక్కడుందండీ, నిన్న సాయంత్రం నన్నే గుర్తుపట్టలేదు" అని ఒకావిడ నాతో అన్నారు. ఆవిడ నోట్లో పళ్ళసెట్టు లేదు. కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయారు. వినికిడి మిషను పోతుందేమోనని బీరువాలో దాచారు. పళ్ళూ కళ్ళూ చెవులూ మూడూ తీసేసి, గోడ గడియారం లేని గదిలో, పగలో రాత్రో తెలియకుండా పడుకోబెడితే నన్ను మాత్రం నేను గుర్తుపడతానా? పైగా పెద్ద వయసులో జ్వరానికీ, మందుల వేడికీ సాయంత్రం తికమకపడిన మనిషి మర్నాడు పొద్దున తేటగా మాట్లాడవచ్చు. తెలివి లేదని తీర్పు చెప్పేముందు కళ్ళద్దాలు తుడిచి పెట్టండి, చెవి మిషను తగిలించండి, పొద్దున పూట దగ్గరగా కూచుని, చిన్న చిన్న మాటల్లో అడగండి. ముసలితనం స్పృహ తప్పడం కాదు.

ఇక రెండోది. నిజంగానే మాట పడిపోయింది. పక్షవాతమో, మతిమరుపు జబ్బు ముదరడమో, వెంటిలేటరు మీద ఉండటమో. అప్పుడు ఎవరో ఒకరు మాట్లాడక తప్పదు. ఆ ఒకరు ఎవరు?

మన దగ్గర ఇందుకు వాడుక ఉంది గానీ పద్ధతి లేదు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం 1991లోనే, మాట్లాడలేని రోగి తరఫున ఎవరు నిర్ణయించాలో వరసగా చట్టంలో రాసుకుంది. మన దేశంలో కోమాలో ఉన్న మనిషికి సంరక్షకుల్ని నియమించడానికి సరిగ్గా సరిపోయే చట్టం దొరక్క, 2019లో కేరళ హైకోర్టు తానే ఓ పద్ధతి ఏర్పాటు చేయవలసి వచ్చింది. మరో వింత చూడండి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, మనసుకి జబ్బు చేసినప్పుడు తన తరఫున నిలబడేందుకు వయసు వచ్చిన ఎవరైనా తమ ప్రతినిధిని ముందే రాసి పెట్టుకోవచ్చు. చుట్టమే కానక్కర్లేదు, స్నేహితురాలైనా సరే. మనసుకున్న ఈ సదుపాయం తుంటి ఎముకకి లేదు, గుండెకాయకి లేదు!

చట్టం ఊరుకున్న చోట ఆచారం కూచుంటుంది. పెద్దకొడుకు సంతకం అన్నది ఎక్కణ్ణించి వచ్చిందో ఆలోచించారా? నాకు తోచింది చెప్తాను, మీకు కటువుగా వినబడితే మన్నించండి. తలకొరివి పెట్టేవాడే సంతకం పెట్టాలని మన మనసుల్లో ఎక్కడో ఉంది. ఆస్తిలో వాటా, కర్మలో వాటా, కాయితం మీద సంతకం అన్నీ ఒకే హక్కు కింద కట్టేసుకున్నాం. తలకొరివి మనిషి పోయిన తరవాతి కర్మ. ఈ సంతకం మనిషి ఉండగా చెయ్యవలసిన పని. అది హక్కు కూడా కాదు, ఉద్యోగం. ఆ ఉద్యోగంలో పని ఒక్కటే. 'ఈవిడకే గనక ఇప్పుడు మాట వస్తే ఏమంటుంది?' అని ఆలోచించి, అది చెప్పడం. 'మాకేం కావాలి?' అన్నది కాదు ప్రశ్న.

ఆ ఉద్యోగానికి కావలసిన అర్హత ఆవిడ మనసు తెలిసి ఉండటం. ఆవిడకి రాత్రి ఎన్నింటికి దగ్గు వస్తుందో, ఏ మాట అంటే భయపడుతుందో, టీవీలో గొట్టాలు పెట్టిన మనిషిని చూసి ఏమందో ఎవరికి తెలుసు? పక్కన పడుకున్న కోడలికి తెలుసు, వారానికోసారి వచ్చి తలంటి పోసే కూతురికి తెలుసు. సరిగ్గా వాళ్ళనే ఎవరూ అడగరు.

అడిగేదల్లా అమెరికాలో ఉన్న అబ్బాయిని. మన ఊళ్ళలో సగం ఐసీయూలు ఇప్పుడు వీడియో కాల్ మీద నడుస్తున్నాయి. మనకి మధ్యాహ్నమైతే అక్కడ అర్ధరాత్రి. నిద్ర కళ్ళతో ఆ బిడ్డ, "డబ్బుకి చూడకండి, ఉన్నవన్నీ చేయించండి" అంటాడు. మనకే ఇలా అనుకున్నాను గానీ, 1991లో అమెరికా వృద్ధ వైద్యుల సంఘం పత్రికలో ఈ సంగతి మీద ఓ వ్యాసమే వచ్చింది. దగ్గరుండి చూసుకున్న వాళ్ళు ఓ నిర్ణయానికి వచ్చాక, దూరం నుంచి విమానంలో దిగి అంతా తిరగదోడే చుట్టానికి డాక్టర్లు 'కాలిఫోర్నియా కూతురు' అని పేరు పెట్టారట. కాలిఫోర్నియా డాక్టర్లు మాత్రం 'న్యూయార్కు కూతురు' అంటారట! వాళ్ళకి కూతురు, మనకి కొడుకు, అంతే తేడా.

నేను ఆ పిల్లల్ని వెక్కిరించడం లేదు. దగ్గర లేకపోయామే అన్న బాధ నిజమైన బాధే. కానీ ఆ బాధకి చికిత్స తల్లి గొంతులో గొట్టం వేయించడం కాదు. అలాగే ఇటుపక్క ఇంకో రకం వాళ్ళున్నారు. "ఈ వయసులో ఆవిడకి ఆపరేషను ఎందుకులెండి, ఇంటికి తీసుకుపోతాం" అనేవాళ్ళు. ఖర్చుకి వెనకాడి ఆ మాట అంటే అదీ అన్యాయమే. కంటి శుక్లం తీయించుకుని భాగవతం చదువుకోవాలని పెద్దావిడకి ఆశ ఉంటే, ఆ ఆశకి వయసు అడ్డం చెప్పడానికి మనమెవరం? అన్నీ చేయించడమూ, ఏదీ చేయించకపోవడమూ, ఆవిడని అడక్కుండా చేసినప్పుడు రెండూ ఒక్కటే.

"మా అమ్మ మనసు నాకు తెలీదా!" అంటారు ప్రతివాళ్ళూ. 2006లో అమెరికా వైద్య పత్రికలో పదహారు అధ్యయనాలు కలిపి చూసిన పరిశీలన ఒకటి వచ్చింది. ఫలానా స్థితిలో ఫలానా చికిత్స కావాలా వద్దా అని రోగుల్ని విడిగా, వాళ్ళ తరఫు మనుషుల్ని విడిగా అడిగారు. నూటికి 68 సార్లు మాత్రమే జవాబులు కలిశాయి. అంటే మూడింట ఒక వంతు మనం పొరబడుతున్నాం. ఇంకో సంగతీ దాచను. రోగి తానే ఎంచుకున్న మనిషైనా, ముందుగా ఆ విషయం మాట్లాడుకుని ఉన్నా, లెక్క పెద్దగా మెరుగవలేదట.

మరి ఇంకెందుకు ఈ గోల అంటారా? అక్కడే ఉంది అసలు సంగతి. ఒకరి మనసు ఇంకొకరు పూర్తిగా చదవలేరని తేలింది కనకే, మన బదులు ఎవరు పొరబడవచ్చో ఎంచుకునే హక్కు మనకి ఉండాలి. నేను ఏరుకున్న మనిషి, నా మీద ప్రేమతో, నా మాటలు గుర్తుచేసుకుని, ఓ నిర్ణయం చేసి అది తప్పే అయిందనుకోండి. ఆ తప్పుని నేను ముందే క్షమించాను. నా పేరు కూడా అడక్కుండా వరసలో ముందున్నాడని ఎవరి చేతిలోనో పెట్టిన నిర్ణయం ఒప్పే అయినా, అది నాది కాదు.

ఇందులో కొంత మన చేతుల్లోకి వచ్చింది కూడా. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీం కోర్టు, కోలుకునే ఆశ లేని చివరి దశలో ఏ చికిత్సలు వద్దో మనిషి ముందుగానే రాసిపెట్టుకోవచ్చునంది. లివింగ్ విల్ అంటారు, బతికుండగా అమలయ్యే వీలునామా అనుకోండి. మొదట్లో దానికి మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. దాంతో ఎవరూ ఆ గడప తొక్కలేదు. 2023 జనవరి 24న ఆ నిబంధన సడలించి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ దగ్గరో గెజిటెడ్ ఆఫీసరు దగ్గరో ధ్రువీకరిస్తే చాలునన్నారు. మనం మాట్లాడలేనప్పుడు మన తరఫున చెప్పవలసిన వాళ్ళ పేర్లు అందులో రాయాలి. ఒక్కరే కానక్కర్లేదు, ఇద్దరు ముగ్గురివి రాయవచ్చు. చదివి వెంటనే గొట్టాలు పీకేస్తారని భయపడకండి. చికిత్స చేస్తున్న డాక్టరూ, అయిదేళ్ళకి తక్కువ కాని అనుభవమున్న మరిద్దరు నిపుణులూ కలిసి చూడాలి. ఆ పైన వేరే బోర్డు మళ్ళీ చూడాలి.

ఇది చివరి దశకి మాత్రమే సుమండీ. మా అత్తయ్య తుంటి ఎముకకి ఇది పనికిరాదు. అందుకే రోజువారీ జబ్బులక్కూడా ప్రతినిధిని ఎంచుకునే చట్టం కావాలని అడగాలి. ఆడవాళ్ళ సంఘాలు అడగవలసిన కోరికల్లో ఇదొకటి.

"శుభమా అని ఇవేం మాటలు?" అని మా పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు. ఏమిటండీ అశుభం? మన ఇళ్ళల్లో పూజ గూట్లో, కాశీ నుంచి సీలు వేయించి తెచ్చిన గంగచెంబు ఉంటుంది. అది ఎందుకు తెచ్చుకున్నామో ఇంట్లో అందరికీ తెలుసు. చంద్రహారం ఎవరికో, పట్టుచీరలు ఎవరికో పెద్దావిడ నోటితో ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. నోట్లో పోసే చివరి చుక్క నీటికి అంత ముందుచూపు ఉన్న వాళ్ళం, ఆ చుక్కకి ముందు వచ్చే పది రోజుల గురించి మాట్లాడితే అశుభమా?

"ఒకరి పేరు రాస్తే మిగిలినవాళ్ళు నొచ్చుకుంటారు, అన్నదమ్ములకి తగాదాలొస్తాయి" అంటారు ఇంకొందరు. ఏ పేరూ రాయనప్పుడు రావడం లేదూ తగాదాలు? ఐసీయూ తలుపు దగ్గర వచ్చే తగాదా కన్నా, ఇంట్లో కాఫీ తాగుతూ వచ్చే తగాదా నయం. అప్పుడు తీర్చడానికి అమ్మ ఉంటుంది.

డాక్టర్లది కూడా ఒక కష్టం ఉంది, ఒప్పుకుంటాను. ఏదైనా అటూ ఇటూ అయితే పేషెంటు తాలూకు వాళ్ళే మీద పడి కొడుతున్నారు కనక, గొంతు పెద్దదిగా ఉన్న చుట్టం చేత ముందే సంతకం పెట్టించుకుంటున్నారు. అయితే అది మీ రక్షణ కోసం తీసుకున్న కాయితం. దాన్ని ఆవిడ అంగీకారం అని పిలవకండి. ఆవిడ దగ్గరికి వెళ్ళి, స్టూలు లాక్కుని కూచుని, ముందు ఆవిడతో మాట్లాడండి. "మీకు చెప్పమంటారా, మీ వాళ్ళకి చెప్పమంటారా?" అని అడగండి. "మా అబ్బాయికే చెప్పు నాయనా" అంటే సంతోషంగా అబ్బాయికే చెప్పండి. అది ఆవిడ ఇచ్చిన అధికారం, మీరు లాక్కున్నది కాదు.

మీరూ ఈ ఆదివారం మీ అమ్మగారినో, అత్తగారినో, మామగారినో మూడు ప్రశ్నలు అడిగి చూడండి. జబ్బు చేస్తే ఉన్నదున్నట్టు మీకు చెప్పాలా వద్దా? దేనికి భయం, నొప్పికా, ఆస్పత్రికా, ఒకరి మీద ఆధారపడటానికా? మీరు చెప్పలేకపోతే ఎవరి మాట మీ మాట అనుకోమంటారు? చెప్పింది ఓ కాయితం మీద రాసి తేదీ వేసి, ఇంట్లో అందరికీ చూపించండి. మనసు మారితే మళ్ళీ రాసుకోవచ్చు.

మొన్న నేనూ నా కాయితం రాయించుకున్నాను. మొదటి పేరు మా కోడలిది, రెండోది మా అమ్మాయిది. మా వాడు అలిగి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు రాత్రి భోజనాలయ్యాక వచ్చి, "పేరు రాయకపోతే పోయావు గానీ, నీకు ఏం కావాలో ఏం వద్దో అదయినా నాకు చెప్పు" అన్నాడు. పన్నెండు గంటలదాకా చెప్పుకున్నాం. వాడికి నలభై ఆరేళ్ళు. ఆ ప్రశ్న నన్ను అడగడం అదే మొదటిసారి.